గొలుసుకట్టు రాత

నాంచారమ్మకు చదువు వచ్చో రాదో ఆమెకే సరిగ్గా తెలియదు. వినటానికి విడ్డూరంగానే ఉంటుంది. కానీ కారంపూడి పక్క పల్లెకు కాపరానికొచ్చిన ఆ మనిషిని ఏళ్ళ తరబడి లోపల్లోపల తినేసింది ఈ ఒక్క అనుమానమే.

పెళ్ళి మాటలనాడు మాత్రం ఎవరికీ ఏ అనుమానమూ లేదు. క్రోసూరు దగ్గర ఆమె పుట్టినూళ్ళో, "మా పిల్ల మూడు క్లాసులు చదివిందండీ" అని నాయన చెప్పాడు. పెళ్ళికొడుకు తండ్రి సుబ్బన్న గని నుంచి నాపరాళ్ళు తోలే బండి మనిషి. వేలిముద్ర వేయటం తప్ప ఎరగడు. "చదువుకున్న కోడలా! మా ఇంటా వంటా లేదు" అని అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నాడు. ఊరికి తిరిగొచ్చి ఎదురైనవాడికల్లా చెప్పాడు. దాంతో నాంచారమ్మ ఆ ఊళ్ళో అడుగు పెట్టకముందే పేరు పడిపోయింది, సుబ్బన్న చదువుకున్న కోడలని. నాలుగేళ్ళకు సుబ్బన్న పోయాడు. పేరు మాత్రం పోలేదు.

ఆ మూడు క్లాసులు ఎట్లా చదివిందంటే, వాళ్ళూరి బోర్డు బళ్ళో ఒక పంతులమ్మ ఉండేది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నలుగురు ఆడపిల్లలు బడికెళ్ళారు. గోడవారగా గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాళ్ళు. పెద్ద పెద్ద అచ్చక్షరాల వాచకం ఒకటే నలుగురికీ. నాంచారమ్మకు గుణింతాలంటే మహా ఇష్టం. బావికాడా, దొడ్లోనూ గొణుక్కుంటూ తిరిగేది. ఒక వేసంగి సెలవుల తర్వాత ఆ పంతులమ్మను వేరే ఊరికి మార్చారు. ఆమె చోట మగ పంతులు వచ్చాడు. ఒకళ్ళతో ఒకళ్ళు అనుకున్నది లేదు, కూడబలుక్కున్నది లేదు, ఆ నలుగురి ఇళ్ళల్లోనూ ఆడపిల్లల్ని ఆపేశారు. నాంచారమ్మ అమ్మ అప్పుడే పురుడు పోసుకుని మంచంలో ఉంది. "ఇవాళ బడికి పోబాక, తమ్ముణ్ణి చూసుకో" అంది. ఇవాళే కదా అనుకుంది పిల్ల. చదువుకు అదే ఆఖరని ఎవరైనా చెబితే ఏడ్చేదేమో. ఎవరూ చెప్పలేదు. రేపు, ఎల్లుండి, పండగ తర్వాత అనుకుంటూ ఉండగానే ఏడాది తిరిగింది. ఆ వాచకం మూల చిరిగిపోయి తర్వాత తమ్ముడికే పనికొచ్చింది. వాడు ఎనిమిది దాకా చదివి సత్తెనపల్లిలో ఒక షావుకారు దగ్గర గుమాస్తాగా కుదిరాడు.

పద్నాలుగో ఏట కాపరానికొచ్చింది. ఆ ఇంట్లో ఎద్దులున్నాయి, బండి ఉంది, రోలూ రోకలీ ఉన్నాయి, అక్షరం ఉన్న కాగితం ముక్క ఒక్కటి లేదు. కొత్తలో గురజాల సంతకెళ్ళినప్పుడు దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదివేది. మొగుడు బాలకోటయ్య అది చూసి మురిసిపోయేవాడు. తర్వాత ఆడపిల్ల పుట్టింది, సుబ్బరత్నమని పేరు పెట్టారు. చేను, నీళ్ళు, పశువులు, బాలింతతనం. అక్షరాలు ఒక్కసారే పోలేదు. ముందు ఒత్తులు పోయాయి. కొన్నాళ్ళకు వ, మ, య ఒకదాని మీద ఒకటి పడి ఏది ఏదో తెలియకుండా పోయింది. అడిగేవాళ్ళు లేరు కాబట్టి పోయినట్టు ఆమెకూ తెలియలేదు.

తెలిసింది యుద్ధం రోజుల్లో, పుష్యమాసంలో ఒకనాడు.

మరిది ఏడుకొండలుకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. బెజవాడ అవతల ఎక్కడో విమానాలు దిగే మైదానం కడుతున్నారంటే, ఆరునెలల ముందు ఒక మేస్త్రీ వెంట కూలికెళ్ళాడు. ఆ రోజు ఇంటిముందు పట్టా మీద మిరపకాయలు పోసి ఉన్నాయి. అత్త మంగమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరేస్తున్నారు. నాంచారమ్మ రెండో కానుపు నెల బిడ్డను ఒళ్ళో వేసుకుని అరుగు మీద ఉంది. టపా తెచ్చే అంతోని బుధవారం బుధవారం వస్తాడు. వచ్చి ఒక కార్డు తీశాడు.

"ఏడుకొండలు కాడి నుంచి, మంగమ్మత్తా. చదివిపెట్టేదా?"

"నువ్వెందుకయ్యా, ఇంటోనే చదువుకున్న కోడలుంటే! ఏమే నాంచారీ, ఇది అందుకో."

నాంచారమ్మ కార్డు అందుకుంది. చూసింది. 

అందులో అక్షరాలే కనపడలేదు. అంతా ఒకటే దారం, కండెలోంచి ఊడిపడి చిక్కులు పడ్డట్టు. ఒక అక్షరం తోక ఇంకో అక్షరం నెత్తి మీద ఎక్కింది. ఎవరో రాతకోతలు తెలిసినవాడు గబగబా గొలుసుకట్టులో రాసిన కార్డది. ఆమె చదివిందల్లా వాచకంలో విడివిడిగా నిలబడిన అక్షరాలు, పలక మీద పంతులమ్మ రుద్ది రుద్ది రాసిన అక్షరాలు. ఇట్లాంటి రాత ఒకటుంటుందని కూడా ఎరగదు. అయినా చూపు తిప్పకుండా చూసింది. మొదట్లో 'అమ్మ' ఉంది. ఆ మాట చిన్నప్పటి నుంచీ బొమ్మలాగా కళ్ళల్లో ఉంది కాబట్టి తెలిసింది. కొంచెం కింద 'అన్న' కూడా అంతే. ఒకచోట 'ఇంటికి' అని ఉన్నట్టుంది. మధ్యలో ఒక మాట మాత్రం కొద్దిగా ఎడంగా ఉంది. 'కా' తెలిసింది. తర్వాతది ల. దానికి కొమ్ముందా, పక్కన సున్నా ఉందా?

ఆడవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి. అత్త మెడ చాచి కార్డు వైపే చూస్తోంది.

"ఏమన్నాడే?"

"అమ్మా అని రాశాడత్తా."

"ఆఁ!"

"ఆడ కాలం బాగానే జరిగిపోతంది అన్నాడు. అన్నను అడిగానని చెప్పమన్నాడు. ఇంటికొస్తాడంట."

"ఎప్పుడంట?"

"ఉగాదికి."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. కార్డులో మాత్రం లేదు. మంగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "చూశారా, నా కొడుకు పండక్కొస్తన్నాడు" అంది. అంతోని తలూపి వెళ్ళిపోయాడు. మంగమ్మ ఆ కార్డును చూరులో దోపింది.

తర్వాత మూడు మధ్యాహ్నాలు అత్త చేనికెళ్ళినప్పుడల్లా నాంచారమ్మ దాన్ని తీసి చూసింది. చూసేకొద్దీ ఇంకా చిక్కుపడింది. మొదటిరోజు 'అన్న' అనుకున్నది రెండోరోజు 'ఎన్ని' లాగా కనిపించింది. ఆ కా తర్వాత అక్షరం ఒకసారి లు అయింది, ఇంకోసారి లం అయింది. కాలు అయితే? కాలు గురించి రాసేదేముంటుంది? కాలమే అయ్యుంటుంది అనుకుంది. బుధవారం అంతోని వస్తే అడగాలనుకుంది. బుధవారం వచ్చింది. అంతోని ఎదురింట్లో ఒక కవరిచ్చి తిరిగి వెళుతున్నాడు. నాంచారమ్మ బిందె చంకనేసుకుని వాకిట్లో నిలబడింది. పిలిస్తే, పక్కవాళ్ళంతా వింటుండగా, మొన్న నేను చదివింది చదువు కాదని చెప్పుకోవాలి. బిందెను ఇంకో చంకకు మార్చుకుంది. అంతోని వీధి మలుపు తిరిగాడు.

ఇంకొకటి కూడా ఉంది. అదే ఆమెను తర్వాత చాలా ఏడిపించింది. ఒకవేళ అందులో ఏదైనా కీడు మాటుంటే బాలకోటయ్య అప్పటికప్పుడు బయలుదేరాలి. ఇంట్లో నెల బిడ్డ, చేలో పండి రాలుతున్న మిరప. మొగుడు ఊళ్ళో లేకుండా పదిహేను రోజులు ఎట్లా అని ఆమె అప్పుడు అనుకుందా? లేక తర్వాత అందరూ అంటుంటే విని, అప్పుడే అనుకున్నానని ఇప్పుడు అనుకుంటుందా? ఎంత తరచి చూసుకున్నా తేలలేదు.

నలభై రోజులకు ఏడుకొండలు వచ్చాడు. సున్నం బండివాడెవరో జాలిపడి ఎక్కించుకొచ్చి ఊరి మొగలో దించాడు. చంకలో కర్ర, కుడికాలు మోకాలి కింద నుంచి పక్కకు తిరిగిపోయి ఉంది. వాకిట్లోకి రాగానే మంగమ్మ ఓయమ్మో అని కూలబడింది. వాడు ఎవరివైపూ చూడకుండా అన్న మొహంలోకే చూశాడు.

"కార్డు రాయించా గదన్నా. ఎందుకు రాలా?"

"ఏం కార్డురా? పండక్కొస్తానంటివి గదా!"

"పండగేంది? రాళ్ళ తొట్టి కాలి మీద పడింది. ఎముక విరిగింది. ఆస్పత్రిలో పడుకోబెట్టి చెక్కలు కట్టారు. ఎవరన్నా వచ్చి పూచీ పడితే తప్ప పంపమన్నారు. అన్నను పంపండి, ఇంటికొచ్చి మీరా సాహెబ్ చేత కట్టు కట్టించుకుంటా అని రాయించా. రోజూ తలుపుకాడికే చూశా."

మీరా సాహెబ్ పక్క ఊళ్ళో ఎముకలు కట్టేవాడు. చుట్టుపట్ల ఎవరి చెయ్యి విరిగినా, ఎద్దు కాలు విరిగినా ఆయనే.

అందరూ నాంచారమ్మ వైపు చూశారు. ఆమె గోడకు అంటుకుపోయింది. ఆ మర్నాడే బుధవారం. మంగమ్మ చూరులోంచి కార్డు తీసి అంతోని చేతిలో పెట్టింది. అంతోని అరుగు మీద కూర్చుని చదివాడు. ఎంత నున్నగా చదివాడంటే, నీళ్ళు పోసినట్టు చదివాడు. కాలు విరిగినదనీ, అన్నను పంపమనీ, ఏడుకొండలు చెప్పినదంతా పొల్లుపోకుండా అందులో ఉంది. చివర్లో, "రాత కొంచెం గొలుసుకట్టులే" అన్నాడు అంతోని. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

"నాకు చదవటం రాలేదత్తా" అంది నాంచారమ్మ.

"రాలేదా? మూడు క్లాసులు చదివిన దానివి, రాకపోవటమేంది? వచ్చిన చదువు యాడికి పోద్దే? నేను చిన్నప్పుడు నేర్చుకున్న ముగ్గు ఇప్పటికీ కళ్ళు మూసుకుని పెడతా. నాకు పోలేదే!"

"ఏమో అత్తా, పోయింది."

"పోయిందంట! వినండమ్మా! మొగుడు ఊరు కదిలితే నీకు తోచదని దాచావు. మిరపకాయలు కోసుకోవాలని దాచావు. అడ్డంగా నా కొడుకు కాలు తీశావు."

బాలకోటయ్య లేచి పెళ్ళాం రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కెళ్ళాడు. నాలుగిళ్ళ అవతల చిల్లర కొట్టుంది. ఆ రోజుల్లో కిరసనాయిలు దొరక్క జనం గొడవ చేస్తుంటే కొట్టు మనిషి ఒక చెక్క మీద సున్నంతో పెద్ద అక్షరాలు రాసి తలుపుకు తగిలించాడు. బాలకోటయ్య దాని ముందు నిలబెట్టాడు.

"చదువు."

నాంచారమ్మ చూసింది. అక్షరాలు విడివిడిగా, ఒక్కొక్కటి అరచేయంత ఉన్నాయి. ఒక్క ఒత్తు లేదు.

"కి... ర... స... నా... యి... లు," అంది. "లే... దు."

చదివిన తర్వాత గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. వెనకాల వచ్చిన మంగమ్మ రెండు చేతులూ చరిచింది. బాలకోటయ్య రెక్క వదిలేశాడు. "వచ్చు," అన్నాడు మెల్లగా. "నీకు చదవటం వచ్చు." ఇంటికెళ్ళి ఆ కార్డు పొయ్యిలో పెట్టాడు.

నాంచారమ్మ పొయ్యి ముందే నిలబడిపోయింది. నిజంగా నాకు చదువొచ్చా? వస్తే కార్డు ఎందుకు రాలేదు? అయినా కిరసనాయిలు లేదని ఊరందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. ఆ చెక్క మీద ఇంకేం రాసుంటుంది? మరి ఆమె చదివిందా, తెలిసిన మాట పలికిందా? ఎవరినడగాలి? అడగటానికి కార్డు కూడా లేదు, బూడిదయింది.

మీరా సాహెబ్‌ను పిలిపించారు. ఆయన ఏడుకొండలు కాలు మీద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు తడిమాడు.

"అతుక్కుపోయింది నాయనా. ఇప్పుడు విరగగొట్టి కట్టే వయసు నాది కాదు."

"ముందే వచ్చుంటే?" అంది మంగమ్మ.

"పదిరోజుల్లో వచ్చుంటే..." అని సాహెబ్ ఆగాడు. "ఏమోనమ్మా. ముక్కలైన ఎముక మాదిరి ఉంది. నిలిచేదో నిలవదో, నేను చెప్పలేను."

మంగమ్మ ఆ మాటలో మొదటి సగమే పట్టుకుంది. నాంచారమ్మ రెండో సగం పట్టుకుందామని చూసింది గానీ అది చేతికి చిక్కలేదు.

మూడేళ్ళు అట్లాగే గడిచాయి. బాలకోటయ్య కొట్టలేదు, తిట్టలేదు. పేరు పెట్టి పిలవటం మానేశాడు. 'ఏమే' అంటే అన్నం పెట్టేది, 'ఏమే' అంటే నీళ్ళు తోడేది. ఏడుకొండలు రాతి పనికి పనికిరాడు కాబట్టి పందిరి కింద కూర్చుని తాళ్ళు పేనేవాడు, ఊళ్ళోవాళ్ళ నులక మంచాలు అల్లేవాడు. వదినను ఒక్క మాటనలేదు. అనకపోవటమే ఆమెకు కష్టంగా ఉండేది. అంటే బదులు చెప్పొచ్చు. ఏం చెప్పాలో తేలకపోయినా, ఏదో ఒకటి చెప్పొచ్చు.

స్వరాజ్యం వస్తుందని అందరూ అనుకుంటున్న ఏడు, తొలకరి పడిన రోజుల్లో, ఆ ఊళ్ళో సాయిబుల వీధిలో ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని ఆడపిల్లల బడి పెట్టారు. పంతులమ్మ పేరు కరీమున్నీసా. నరసరావుపేట మనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి. గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ ఆరేళ్ళు నిండిన ఆడపిల్లల పేర్లు రాసుకుంటోంది. ఆవిడకు ఎవరో ముందే చెప్పారు, ఫలానా ఇంట్లో చదువుకున్న కోడలుందని. అందుకే ఆ ఇంటికి కొంచెం ధీమాగానే వచ్చింది.

"మీ సుబ్బరత్నాన్ని పంపండమ్మా. చదువు విలువ తెలిసినవాళ్ళు మీరే పంపకపోతే ఇంకెవరు పంపుతారు?"

మంగమ్మ రోలు దగ్గర నుంచి లేవకుండానే అంది. "చదువుకున్నదాన్ని ఒకదాన్ని తెచ్చుకుని పడుతున్నాం చాలు తల్లీ. చదువు మా ఇంటికి నేర్పింది దాచిపెట్టటం ఒక్కటే."

పంతులమ్మకు అర్థం కాలేదు. నాంచారమ్మ వైపు తిరిగింది. నాంచారమ్మ చిన్నబిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని సుబ్బరత్నం తల దువ్వుతోంది. పంపుతానండీ అందామనే నోరు తెరిచింది.

"వద్దండీ" అంది.

తన మాట తనకే వింతగా వినపడింది.

"మీరు కూడానా? ఎందుకమ్మా?"

"మూడేళ్ళు చదివించి ఆపేట్టయితే అసలొద్దండీ. నాకు ఏమీ రాకపోయుంటే ఆ కార్డు నా చేతికి వచ్చేదే కాదు. అంతోని చదివేవాడు. అంతా తెలిసేది. మూడు క్లాసులు చదవబట్టే..." అని మళ్ళీ పిల్ల తల దువ్వసాగింది.

ఏ కార్డని అడిగింది పంతులమ్మ. పందిరి కింద నుంచి ఏడుకొండలే చెప్పాడు, తాడు పేనుతూనే, పరాయివాడి సంగతి చెప్పినట్టు. అంతా విని పంతులమ్మ గొడుగు పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంది.

నాంచారమ్మ ఆమె దగ్గరికెళ్ళింది. మూడేళ్ళుగా లోపల ఉన్న మాట అడిగేసింది.

"పంతులమ్మగారూ, వచ్చిన చదువు పోద్దా అండీ?"

"పోద్దమ్మా."

మంగమ్మ రోకలి ఆపింది.

"నేను చూశాను. ఇంతకుముందు ఊళ్ళో రెండో క్లాసు చదివి మానేసిన పిల్ల ఒకతె ఉండేది. చురుకైన పిల్ల. ఐదేళ్ళ తర్వాత సంతలో కనపడితే పేరు రాయమన్నా. మొదటి అక్షరం రాసి ఆగిపోయింది. నవ్వుతూ నిలబడింది. రాత్రికి రాత్రి పోదు, ఎవరికీ తెలియకుండా పోద్ది. చదవటానికి ఏదీ లేని ఇంట్లో ఇంకా తొందరగా పోద్ది. అదీగాక గొలుసుకట్టు రాత మూడో క్లాసులో ఎవరూ నేర్పరు. మీ కోడలికి ఆ రాత పోవటం కాదు పెద్దమ్మా, అసలు రానే లేదు."

"మరి కిరసనాయిలు ఎట్టా చదివింది?" అంది మంగమ్మ.

"అవి విడి అక్షరాలు గదా."

"అక్షరాలు అక్షరాలే గదమ్మా! గేదె గేదే గదా, యాడ కట్టేసినా!"

పంతులమ్మ వేలితో అరుగు మట్టి మీద 'కాలు' అని విడిగా రాసి, పక్కన అదే మాట కలిపి గొలుసుగా రాసి చూపింది. మంగమ్మ వంగి చూసింది. రెండూ గీతలే ఆమెకు. ఈ గీతలు తెలిసి ఆ గీతలు తెలియకపోవటమేమిటో ఎంత చెప్పినా ఆమె బుర్రకెక్కలేదు. అబద్ధం కాదేమో అన్నట్టు ఒకసారి కోడలి వైపు చూసింది, మళ్ళీ కొడుకు కాలు వైపు చూసింది, రోకలి ఎత్తుకుంది.

నాంచారమ్మకు తేలిక పడాల్సింది. తన తప్పు లేదని ఒక చదువుకున్న మనిషి అందరి ముందూ చెప్పింది. కానీ పడలేదు. మట్టి మీద ఆ రెండో రాతను వంగి చూసింది. ఆ ల కింద నుంచి పక్కకు వెళ్ళిన కొమ్ము ఆమెకు కొత్తగా లేదు. చూసింది. ఆ రోజు ఒక్క క్షణం ఆమె లు చూసింది. చూసి, కాదులే అనుకుంది. నిజంగా చూసిందా? ఇప్పుడు చూపించారు కాబట్టి అప్పుడు చూసినట్టుందా?

"పిల్లను పంపండి" అన్నాడు ఏడుకొండలు.

అందరూ తిరిగి చూశారు. మూడేళ్ళలో అతను ఇంటి సంగతుల్లో కలగజేసుకోవటం అదే మొదలు.

"అమ్మా, నువ్వు అడ్డం రాబాక. వదినా, నువ్వూ. నేను దింపొస్తా, నేను తెచ్చుకుంటా."

దెబ్బ తిన్నవాడే అడిగితే మంగమ్మ ఏమనగలదు? బాలకోటయ్య సాయంత్రం బండి విప్పుతూ విని, ఎద్దు వీపు నిమిరి, "వాడి ఇష్టం" అన్నాడు. పంతులమ్మ పేరు రాసుకుంది. లేచేటప్పుడు నాంచారమ్మ మళ్ళీ అడిగింది.

"ఐదు దాకా చదివితే పోదాండీ?"

"మానకుండా చదువుతుంటే పోదు."

"మా ఇంట్లో చదివేదానికి ఏముందండీ?"

పంతులమ్మ ఇంటి లోపలికి ఒకసారి చూసి గొడుగు విప్పుకుంది.

సుబ్బరత్నం బడిలో పడింది. బాబాయి కర్ర టకటకలాడుతుంటే పక్కన పలక పట్టుకుని నడిచేది. మొదటి ఏడు పదకొండు మంది ఆడపిల్లలు. రెండో ఏటికి ఏడుగురు. మూడో ఏటికి నలుగురు. ఒకతెకు పెళ్ళి కుదిరింది, ఒకతె పత్తి ఏరబోయింది, మిగతావాళ్ళు ఎందుకు మానారో వాళ్ళ ఇళ్ళల్లో అడిగినా సరిగ్గా చెప్పలేదు. కూతురు మూడో క్లాసులోకి వచ్చిన నాటి నుంచి నాంచారమ్మకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఒక మధ్యాహ్నం బడికెళ్ళి గడప బయట నిలబడింది.

"పంతులమ్మగారూ, రేపు నేనే వచ్చి పిల్లను ఆపుతానన్నా మీరు ఒప్పుకోబాకండి."

"మీరెందుకు ఆపుతారమ్మా?"

"ఏమోనండీ. మా అమ్మ మాత్రం ఆపుతాననుకుని ఆపిందా?"

కరీమున్నీసా నవ్వబోయి ఆగింది. "ఒప్పుకోకుండా ఉండే అధికారం నాకెక్కడిదమ్మా" అంది. కానీ ఆ రోజు నుంచి వారానికొకసారి సుబ్బరత్నం చేత ఏదో ఒక పాత కాగితం పంపేది. చిరిగిన పత్రికలో సగం పేజీ, ఎప్పటిదో విత్తనాల కరపత్రం. పిల్ల అరుగు మీద కూర్చుని పైకి చదివేది. మంగమ్మ పని చేసుకుంటూ వినేది, బాగా చదివిందా అని మాత్రం ఎవరినీ అడిగేది కాదు. నాంచారమ్మ వెనక నిలబడి, పిల్ల వేలు ఎక్కడుంటే అక్కడికి తన చూపు పంపేది. ఒక్కో మాట తెలిసేది. ఒక్కో మాట పిల్ల పలికాక తెలిసినట్టు అనిపించేది. ముందు తెలిసిందో, విన్నాక తెలిసిందో విడదీయలేకపోయేది.

ఆ చలికాలంలో ఒకనాడు ఇంట్లో ఎవరూ లేరు. పందిరి కింద ఏడుకొండలు పలుపుతాడు పేనుతున్నాడు. నాంచారమ్మ నార చిక్కు తీసి అందిస్తోంది. ఐదారేళ్ళుగా అడగనిది ఆ ఎండ పొడలో అడిగింది.

"అబ్బాయ్, నువ్వేమనుకుంటన్నావు?"

"దేని గురించి?"

"నాకు రాలేదనా, దాచాననా?"

ఏడుకొండలు తాడు బొటనవేలికి బిగించి నాలుగు మెలికలు పేనాడు.

"ఒక్కోరోజు ఒక్కోటి అనుకుంటా వదినా. మబ్బు పట్టి కాలు లాగిన రోజు, వచ్చే ఉండుద్ది, దాచి ఉంటావనుకుంటా. లాగని రోజు, పాపం రాలేదేమో అనుకుంటా."

"మరి నిజమేంది?"

"నన్నడుగుతావేంది? కార్డు చూసింది నువ్వు."

"నాకూ అంతే" అంది నాంచారమ్మ. "ఒక్కోరోజు ఒక్కోటి."

అట్లా అన్నాక ఆమెకు ఎందుకో ఊపిరి ఆడింది. ఇన్నేళ్ళూ ఆ తికమక తన ఒక్కదానిదే అనుకుంది. నార ఇంకో పాయ తీసి అందించింది. అతను అందుకుని కలుపుకున్నాడు.

"ఇవాళ?" అని అడిగింది.

అతను చెయ్యి చాచి కాలు రుద్దుకున్నాడు, పందిరి సందుల్లోంచి ఆకాశం చూశాడు.

"ఇవాళ లాగటంలా" అన్నాడు.